ఊరడగని మేడం

సుహాసిని మేడం విజేందర్‌ని ఏ ఊరని అడగలేదు. అతని అనుమానమంతా అక్కడే మొదలైంది.

ఎందుకంటే పాలమూరు జిల్లాలో ఇద్దరు మనుషులు ఎదురుపడితే మూడో మాట దాటకముందే ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది. బస్సులో పక్క సీటు ముసలమ్మ అడుగుతుంది, చాయ్ పోసేవాడు అడుగుతాడు, గడ్డం గీసేవాడైతే కత్తి గొంతు మీద పెట్టి మరీ అడుగుతాడు. అంతెందుకు, ఇప్పుడే మహబూబ్‌నగర్‌లో ఈ మెట్ల కింద జిరాక్స్ షాపు గాలయ్య కూడా, "మేడం కోసమా? పైనున్నది పో. ఏ ఊరు మీది?" అన్నాడు. విజేందర్ టక్కున "జడ్చర్ల" అని అబద్ధమాడి, "జడ్చర్లల ఎవరోల్లు?" అని ఏ ఇంటివాళ్లో కూపీ లాగే రెండో ప్రశ్న పడేలోపు రెండేసి మెట్లు ఎక్కేశాడు. అసలు ఊరేమో కల్వకుర్తి దగ్గర గుండ్లకుంటపల్లి.

మరి ఈ కౌన్సెలింగ్ మేడం? అరగంటయింది ఎదురుగా కూర్చుని. నలభై ఏళ్లుంటాయి, ముతక నూలు చీర, చేతిలో నోటుబుక్కు. మంచినీళ్లు ఇచ్చింది, ఫ్యాను తిప్పమంటావా అంది, "తలుపు వేసుకుంటవా, తెరిచిపెడ్తవా, నీ ఇష్టం తమ్మీ" అంది. అతను తెరిచే పెట్టాడు, పారిపోవడానికి వీలుగా. చివరికి పేరు కూడా "పేరేంది" అని అడగలేదు, "నిన్ను ఏమని పిలవాలె?" అంది. నోటికి ఏ పేరూ రాక, షాద్‌నగర్ కంపెనీలో తన సూపర్‌వైజర్ పేరు చెప్పేశాడు.

"బాలకృష్ణ."

"సరే బాలకృష్ణా" అంది, రవ్వంత కూడా అనుమానపడకుండా. చర్చి పిల్లోడు కృష్ణుడి పేరు చెప్పుకుంటే ఎవరికైనా మొహంలో తెలిసిపోదా? కానీ మెడలో సిలువ లేదు కదా, తీసి జేబులో పెట్టుకున్నాడు కదా, అయినా సరే! ఊరడగదు, ఇంటిపేరడగదు. అంటే ముందే తెలుసు. తెలిసినవాళ్లే అడగరు. ఇదీ విజేందర్ లెక్క.

అతనలా అనుకోవడంలో తప్పేమీ లేదు. ఒకసారి కాలిన చెయ్యి అది.

రెండేళ్ల కింద అతని ఫోన్‌లో ఏవో మాటలు చూసి నాయిన ఏసోబు అతన్ని వేరే పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు ఏసోబుని బయట కూర్చోబెట్టి, చాలా మెత్తగా, "నాకు చెప్పు బాబూ, ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది" అన్నాడు. ఇరవై రెండేళ్ల విజేందర్ జీవితంలో మొదటిసారి నోరు తెరిచి చెప్పాడు. తనకు ఆడపిల్లల మీద మనసు పోదనీ, మగవాళ్ల మీదే పోతుందనీ, పన్నెండో ఏటి నుంచీ అంతేననీ. ఆయన అంతా విని, లేచి, తలుపు తెరిచి, "ఏసోబూ, లోపలికి రా" అని పిలిచి, కాంపౌండరు ముందరే పూస గుచ్చినట్టు మొత్తం చెప్పేశాడు. ఆ తర్వాత గోలీలు. అవి మింగితే నాలుక బరువెక్కేది, మనిషి గోడకి ఒరిగి అలాగే మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు.

అది ఆగింది ఎలాగంటే, సాక్ష్యంతో. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, అమ్మ బిక్షమ్మ లేచి నిలబడి కొంగు తల మీదికి లాక్కుని, "నా కొడుకుకి తలల ఏదో పరేషాన్ ఉండె. ప్రభువు ముట్టి బాగు చేసిండు. నా పిల్లగాడు ఇప్పుడు మంచిగున్నడు" అని అందరి ముందూ చెప్పింది. ఏం పరేషానో చెప్పలేదు. సంఘమంతా చప్పట్లు కొట్టింది, పాస్టరుగారు స్తోత్రం అన్నాడు. విజేందర్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో అతను బాగుపడ్డ మనిషి. షాద్‌నగర్‌లో ఉద్యోగం, కిరాయి రూము, నెలకోసారి ఇంటికి.

ఇప్పుడు గనక ఈ గది సంగతి ఇంటికి చేరితే? సంఘం ముందు అమ్మ మాట అబద్ధమైపోతుంది. నాయిన మళ్లీ అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు. మళ్లీ గోలీలు, మళ్లీ గోడ. అతని భయమంతా దాని గురించే.

"గా బుక్కుల ఏం రాస్తున్నరు మేడం?" అన్నాడు ఉన్నట్టుండి.

ఆమె బుక్కుని అతనివైపు తిప్పింది. పైన పేరు లేదు, నలభై ఏడు అని అంకె. కింద, ఈ అరగంటలో అతను ఊరూ పేరూ లేకుండా చెప్పుకున్న దాంట్లోంచి, మూడే వాక్యాలు: నిద్ర తక్కువ. దవాఖానలో నమ్మించి మోసం చేశారు. తలుపు వైపు చూస్తూ మాట్లాడతాడు.

రెండో వాక్యం దగ్గర విజేందర్ కళ్లు ఆగిపోయాయి. మోసం చేశారు. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు, తనకు తాను కూడా అనుకోలేదు. అయితే ఆ వెంటనే, 'నాకు చూపించడానికే ఇది రాసిందేమో, అసలు బుక్కు సొరుగులో ఉంటది' అని బుర్ర గిర్రున తిరిగింది.

"చూడు తమ్మీ" అంది ఆమె. "నీకున్నది రోగం గాదు. రోగం గాని దానికి మందు ఉండదు, మారుస్తమని గోలీలిచ్చుడే తప్పు. నిన్ను మార్చుడు నా పని గాదు. గిన్నేండ్లు లోపల్లోపల నలుగుకుంట బతికి నువ్వు ఎంత అలిసిపోయినవో, గా అలుపు సంగతి జూసుడు నా పని. ఇంకోటి. నీ పానానికి గానీ వేరేటోళ్ల పానానికి గానీ ముప్పుంటే తప్ప, ఈడ అన్న మాట బయటికి పోదు."

ముప్పుంటే తప్ప! అదిగో, సందు పెట్టింది. విజేందర్ మనసులో గీత గీసుకున్నాడు.

"మా నాయినమ్మ పల్లికాయ చేను కావలి గాసేది" అంటూ ఆమె ఇంకేదో మొదలుపెట్టింది, "అడవి పందులొస్తయని రేకు డబ్బా కొట్టుకుంట. పందులు రాని నాడు గూడ ఆమెకు నిద్ర లేకుండె. నువ్వు రోజుకు ఎన్ని గంటలు కావలి గాస్తవు బాలకృష్ణా? నడక, గొంతు, నవ్వు, ఫోన్... ఎవరన్న జూస్తరని?"

ఎన్ని గంటలు? లేచిందగ్గర్నుంచీ కాదూ! బస్సులో కాళ్లు ఎలా పెట్టి కూర్చోవాలో కూడా ఆలోచిస్తాడు. ఈమెకెలా తెలిసింది? ఎవరు చెప్పారు? ఆ నిమిషంలోనే అతను ఉచ్చు పన్నాలని తేల్చుకున్నాడు. పొట్టేళ్ల దొంగని పట్టుకోవడానికి మందలో ఒక గొర్రెకి గుర్తు పెట్టి వదులుతారు చూడండి, అట్లాగే.

"ఇంక ఎక్కువ రోజులు కావలి గాయను మేడం" అన్నాడు, గొంతు బాధగా పెట్టి. "కంపెనీల రాజీనామా ఇచ్చిన. ఒకటో తారీకు పుణె పోతున్న. ఇంట్ల తెల్వదు."

ఒట్టి అబద్ధం. రాజీనామా లేదు, పుణె లేదు. ఈ మాట ఇల్లు చేరిందంటే చేర్చింది ఎవరో తెలిసిపోతుంది.

"పుణె పోవుడు నీకు మనసున్నదా, లేక ఈడికెల్లి తప్పించుకునేతందుకా?" అని మాత్రం అడిగింది ఆమె. బుక్కులో రాయలేదు. రాయకపోవడం ఇంకా అనుమానంగా ఉంది.

*

షాద్‌నగర్ రూములో జానీ ఉల్లిగడ్డ కోస్తూ కూర్చున్నాడు. జానీది మిర్యాలగూడ వైపు, అదే కంపెనీలో లోడింగ్ దగ్గర రాతకోతలు చూస్తాడు. ఏడాదిన్నరగా ఇద్దరూ ఒకే రూము. ఇంటి ఓనరు నర్సింగమ్మ లెక్కలో ఇద్దరూ ఉత్త దోస్తులు. వాళ్లకి వాళ్లు ఏమిటో బయట ఎక్కడా ఆ మాట అనుకోరు, గోడల పక్కన కూడా అనుకోరు.

ఆ మేడం నంబరు ఇచ్చిందీ జానీయే. "నువ్వు నిద్రల పటపట పండ్లు కొరుకుతున్నవురా, పో, ఒక్కసారి పో" అని నెల రోజులు వెంటబడ్డాడు.

"ఎట్లుంది?" అన్నాడు జానీ.

"మంచిగ మాట్లాడుతది. గంత మంచిగ మాట్లాడితేనే భయం. గా డాక్టర్ గూడ మంచిగనే మాట్లాడిండు" అన్నాడు విజేందర్, చెప్పులు విడుస్తూ. "ఉచ్చు వెట్టిన. రాజీనామా ఇచ్చిన, ఒకటో తారీకు పుణె పోతున్న అని చెప్పిన. మా ఇంటికి తెలుస్తదా లేదా చూస్త."

జానీ కత్తి ఆగింది. "పుణెనా?"

"అబద్ధంరా."

"పుణెనే ఎందుకు తట్టింది నీకు?"

"నోటికొచ్చింది. ఏ నాగ్‌పూరో అంటే గూడ ఇదే అడుగుతుంటివా?"

"ఏం లే" అన్నాడు జానీ. మళ్లీ కోశాడు. ఉల్లిగడ్డ వల్లో ఏమో కళ్లు తుడుచుకున్నాడు. విజేందర్ అది చూశాడు గానీ పట్టించుకోలేదు, అతని చూపంతా మహబూబ్‌నగర్ వైపే ఉంది.

ఎనిమిదో రోజు, బీ షిఫ్టుకి క్యాంటీన్ దగ్గర లైన్లో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. అమ్మ.

"కొడుకా, పుణె పోతున్నవంట గదరా?"

విజేందర్ చేతిలో ప్లేటు వంగి సాంబారు షూ మీద పడింది. "నీకెవరు జెప్పిన్రు?"

"ఎవరు జెప్తే ఏంది? పోతున్నవా, ముందు గది జెప్పు..."

ఫోన్ కట్ చేశాడు. మళ్లీ మోగింది, స్విచ్ ఆఫ్ చేశాడు. దొరికింది! దొరికింది దొంగ! గెలిచినట్టు ఉండాలి కదా, కానీ గెలిచినట్టు లేదు. ఆ బుక్కు, ఆ నాయినమ్మ, ఆ పల్లికాయ చేను, అన్నీ నాటకమే. జానీకి ఆ అబద్ధం సంగతి తెలుసు గనక జానీ చెప్పడు. ఇంక మిగిలింది ఆమె ఒక్కతే. ఇంట్లో ఈపాటికి నాయిన బైబిలు గూట్లోంచి ఆ డాక్టరు రాసిన పాత మందుల చీటీ తీసి మడత విప్పుతుంటాడు. అది గాక ఇంకేముంటుంది?

*

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కాడు. "ఏం జడ్చర్ల పిల్లగా" అంటున్న గాలయ్యని నెట్టుకున్నంత పనిచేసి మెట్లెక్కాడు. ఆమె అప్పుడే గది ఊడ్చుకుంటోంది.

"ఎంతమందికి జెప్పిన్రు?" అని గుమ్మంలోంచే అరిచాడు. "మా అమ్మకేనా, మా నాయినక్కూడ జెప్పిన్రా? పాస్టర్‌కు? కాంపౌండర్ లేడా మీకు, పిలువుండ్రి, ఆయన ముంగట గూడ జెప్పుండ్రి!"

ఆమె చీపురు పక్కన పెట్టింది. "కూసో" అంది.

"కూసోను. పుణె మాట మీకొక్కరికే జెప్పిన. అది అబద్ధం. మిమ్మల్ని పట్టనీకె జెప్పిన అబద్ధం. నిన్న మా అమ్మ ఫోన్ జేసింది."

కోపం వస్తుందనుకున్నాడు. ఆమె మొహంలో కోపం కాదు, ఏదో నొప్పి లాంటిది కనిపించింది, అంతే. "నేను జెప్పలే" అంది. "నమ్మకపోతే నిన్ను తప్పు వట్టను, నమ్మి ఒకసారి దెబ్బ తిన్నవ్. నా తాన సాక్ష్యం గూడ ఏం లేదు. ఒక్కటే అడుగుత. మీ అమ్మ పేరేంది?"

"ఎందుకు?"

"నాకు తెల్వదు గనక. నంబరు తెల్వదు. నీ ఊరు తెల్వదు. బాలకృష్ణ అన్నవ్, అది నీ పేరో కాదో నాకు తెల్వదు. నువ్వు ఫోన్ జేసింది గూడ వేరేటోళ్ల నంబరు కెల్లి, మల్ల జెయ్యొద్దంటివి."

అవును, అది క్యాంటీన్ ఐలేశం ఫోను.

"ఈ గదిల ఎవర్నీ ఊరడగను తమ్మీ" అందామె. "నాది దేవరకొండ కాడ, నాకు తెల్వదా? ఊరు అడిగినంక ఎవరోల్లు అని అడుగుడొస్తది, తర్వాత ఏ వాడ, ఆ తర్వాత ఏం కులం. గవన్నీ దాటి మనిషి లోపలికొచ్చే వరకు సగం అబద్ధాలే చెప్తడు. ఇంక నా తానికొచ్చేటోళ్లు ఎవరికైతే భయపడి వస్తరో వాళ్లంత ఆ ఊర్లనే ఉంటరు. తెల్వనిదాన్ని నేను చెప్పలేను గదా. మర్చిపోయి కూడ చెప్పలేను."

విజేందర్ గుమ్మానికి ఆనుకున్నాడు. అడగని మనిషికి అన్నీ తెలుసనుకున్నాడు. ఏమీ తెలియకూడదనే ఆమె అడగలేదు. ఎంత సులువైన సంగతి! పాలమూరులో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ ఇంత తప్పు లెక్క రాదు.

అయితే మరి ఎవరు?

ఫోన్ ఆన్ చేసి జానీకి కొట్టాడు. అవతల లారీల మోత.

"మా అమ్మకు నువ్వు జెప్పినవా?"

"అమ్మకు జెప్పలే" అన్నాడు జానీ. "మీ చెల్లె గ్లోరీని అడిగిన. పరీక్షకొచ్చినప్పుడు బండి మీద దింపి వచ్చిన గదా, గప్పటి నంబరు. అన్న పుణె పోతున్నడా అని అడిగిన, గంతే."

"అబద్ధమని నీకు జెప్పినగదరా!"

"చెప్పినవ్. గదే నమ్మలే. పోయేటోడే గట్ల అంటడు, ఉచ్చు గిచ్చు అని. నాకు తెల్వకుండ పోతున్నవేమో అనుకున్న. నాకు చెప్పకుండ పోతే..." ఆ తర్వాత మాట లారీ హారన్‌లో కలిసిపోయింది. "పోతున్నవారా?"

"పిస్సోడా" అన్నాడు విజేందర్. "పోతలేను. అన్నం వండుకో, పొద్దుగూకే వరకు వస్త."

చెల్లెలు గ్లోరీ అమ్మకి చెప్పింది. అందులో వింతేముంది, ఆ పిల్ల కడుపులో ఆవగింజ దాగదు. ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే మళ్లీ మోగింది. అమ్మ. సుహాసిని మేడం చూసింది. "నేను కిందికి పోయి గాలయ్యతోటి చాయ్ తాగొస్త" అని దిగిపోయింది.

"అమ్మా."

"ఎందుకు ఫోన్ బంద్ వెడ్తవురా? రాత్రంత పానం ఆగలే."

"నేను పుణె పోతలేనే. ఉత్తదే. ఎవడో అన్న మాట."

అవతల నిట్టూర్పు. సంతోషం కాదు అది. "పోతున్నవేమో అనుకున్న. పొమ్మని చెప్పనీకె జేసిన."

"ఏందీ?"

"పొమ్మననీకె జేసిన కొడుకా. పోతే మీ నాయినకు నేను జెప్పుకుంట అననీకె. ఈడుంటే ఎన్నడన్న మల్ల గా డాక్టర్ మాట దీస్తడేమోనని నాకు రంధి."

విజేందర్ కుర్చీలో కూలబడ్డాడు. "నాకు మంచిగయిందని సాక్ష్యం జెప్తివి గదనే."

"చెప్పిన." గొంతు తగ్గించింది. నాయిన మార్కెట్ యార్డుకి పోయి ఉంటాడు, అయినా తగ్గించింది. "గోలీలు తిని నువ్వు గోడకొరిగి కూసుంటే నాకు కండ్లు లేవా? నెత్తి దువ్వితే నెత్తి వాలుస్తుంటివి. గా శనివారం నాడే చీటీ పొయ్యిల వెట్టిన. తెల్లారి సాక్ష్యం జెప్పిన. సంఘం ముంగట ప్రభువు బాగు చేసిండన్నంక మల్ల దవాఖానకు తీస్కపోతే, దేవుని మీద నమ్మకం లేనట్టు గాదా? మీ నాయిన పాస్టర్ ముంగట గట్ల అనిపించుకుంటడా?"

రెండేళ్లు. రెండేళ్లు ఆ సాక్ష్యానికి భయపడి బతికాడు. అమ్మ నమ్మింది కదా, అమ్మ నమ్మకం పగిలిపోతుంది కదా అని. ఆమె చీటీ కాల్చి, ఆ సాక్ష్యాన్ని తలుపుకి అడ్డగడియలా పెట్టిందన్నమాట! నాయిన మడత విప్పుతున్నట్టు తాను ఊహించుకున్న చీటీ బూడిదై రెండేళ్లయింది.

"అంటే... నేను బాగు గాలేదని నీకు..."

"నాకు సమజ్ గాదు కొడుకా" అంది బిక్షమ్మ గబగబా, అతన్ని పూర్తి చేయనివ్వకుండా. "నన్ను గవన్నీ అడగకు. నువ్వు ఎవర్నన్న పిల్లను చేస్కుంటే నాకు సంతోషమే, అబద్ధమెందుకు ఆడాలె. గని గా గోలీలు మాత్రం వద్దు."

"చర్చిల అబద్ధం జెప్పినవ్ అమ్మా."

"అబద్ధ సాక్ష్యం పలుకొద్దని పది ఆజ్ఞలల్లనే ఉన్నది, నాకు తెల్వదా? గది ప్రభువుకు నాకు నడుమ సంగతి. నేను మాట్లాడుకుంట. నువ్వు మంచిగ తిను." ఫోన్ పెట్టేసింది.

సుహాసిని మేడం రెండు కాగితపు కప్పులతో పైకొచ్చేసరికి అతను మొహం కడుక్కుని కూర్చున్నాడు. వచ్చినప్పుడు తలుపు అతను వేయలేదు, ఇప్పుడు లేచి దగ్గరికి వేశాడు. చాయ్ ఒక గుక్క తాగి, కప్పులోకి చూస్తూ అన్నాడు.

"నా పేరు విజేందర్ మేడం. మాది కల్వకుర్తి కాడ గుండ్లకుంటపల్లి."

"గుండ్లకుంటపల్లా! ఆడ మా..." అని ఆమె నాలిక కరుచుకుంది.

విజేందర్ ఆ మొహం చూశాడు. ఆ ప్రశ్న ఆమె పెదాల మీద ఎంత అవస్థ పడుతోందో చూశాడు. ఆ గదిలో మొట్టమొదటిసారి నవ్వొచ్చింది అతనికి.

"ఎవరోల్లు అని అడగబుద్ధి అయితుంది గదా?"

"మస్తు అయితుంది" అందామె.

"గది వచ్చే మంగళారం" అన్నాడు విజేందర్. "మిమ్మల్ని ఇంక జర కనిపెట్టి చూడాలె."